కలిసి కేసు వేద్దాం రమ్మన్నారు... సంతకం పెట్టాలా, వద్దా?

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకి ఫోన్ మోగుతుంది. అవతల మీరు ఎప్పుడో మానేసిన స్కూల్లో మీతోపాటు పనిచేసిన టీచరు. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక అసలు సంగతి బయటికొస్తుంది.

"అక్కా! మన స్కూలు మానేసినవాళ్లం ఎనిమిదిమందిమి కలిశాం. మనకి గ్రాట్యుటీ రావాలిట. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పనే లేదు. అందరం కలిసి అడుగుదామనుకుంటున్నాం. నువ్వూ సంతకం పెడతావా?"

ఏమంటారు మీరు? 'సరే' అనడానికి భయం. 'వద్దు' అనడానికి మొహమాటం. చివరికి "మా ఆయన్ని అడిగి చెప్తానమ్మా" అనేసి ఫోన్ పెట్టేస్తాం. ఆ తర్వాత అడిగేదీ ఉండదు, చెప్పేదీ ఉండదు!

మన ఊళ్లలో ప్రైవేటు స్కూళ్లు నడిచేది చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగానే. పదేళ్లు, పన్నెండేళ్లు సుద్దముక్క పట్టుకుని పాఠాలు చెప్పి, ఆయనకి బదిలీ అయిందనో, అత్తగారికి పక్షవాతం వచ్చిందనో, అమ్మాయి ఇంటర్‌కొచ్చిందనో మానేసి ఇంట్లో ఉండిపోయినవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వెళ్లేరోజున ఒక శాలువా, ఒక గ్రూప్ ఫోటో, ఆఖరి నెల జీతం. అంతటితో లెక్క అయిపోయిందనుకుంటాం. నిజంగా అయిపోయిందా? ఈ వారం ఆ సంగతే చూద్దాం.

అసలేమిటీ గ్రాట్యుటీ?

పేరు వింటే యజమాని సంతోషించి ఇచ్చే బహుమతిలా ఉంటుంది కానీ, అది బహుమతి కాదు, హక్కు. 1972లో వచ్చిన గ్రాట్యుటీ చెల్లింపు చట్టం ప్రకారం పదిమంది, ఆ పైన పనిచేసే సంస్థలో ఐదేళ్లు విడవకుండా పనిచేసినవారికి, మానేసేటప్పుడు యజమాని ఇవ్వవలసిన సొమ్ము అది. రిటైరైతేనే వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. మీ అంతట మీరు రాజీనామా చేసినా వస్తుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, ఐదేళ్లు నిండకపోయినా ఆ కుటుంబానికి వస్తుంది.

2025 నవంబర్ 21 నుంచి ఈ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. గ్రాట్యుటీ హక్కు అందులోనూ ఉంది. పైగా ఇన్నేళ్లకని గడువు పెట్టి తీసుకున్న కాంట్రాక్టు ఉద్యోగులకి ఐదేళ్లు నిండనక్కర్లేదు, ఏడాది పనిచేసినా ఆ మేరకు లెక్కకట్టి ఇవ్వాలని చెప్పింది. అంతకుముందే మానేసినవారి లెక్క మామూలుగా పాత చట్టం ప్రకారమే చూస్తారు. అందుకే మీరు మానేసిన తేదీ ముఖ్యం. ముందు అది రాసిపెట్టుకోండి.

టీచర్లకి వర్తిస్తుందా?

"అదంతా ఫ్యాక్టరీవాళ్లకి, టీచర్లకి కాదు" అని ఇప్పటికీ కొందరు కరస్పాండెంట్లు చెబుతుంటారు. వాళ్ల మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. దాని వెనక పెద్ద కథే ఉంది.

విద్యాసంస్థలకి ఈ చట్టం వర్తిస్తుందని కేంద్ర ప్రభుత్వం 1997 ఏప్రిల్ 3న ప్రకటించింది. కానీ చట్టంలో 'ఉద్యోగి' అన్న మాటకి ఇచ్చిన అర్థంలో టీచర్లు ఇమడరని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే అదే స్కూల్లో గుమాస్తాకి వస్తుంది, పాఠం చెప్పే టీచరుకి రాదు! ఆ లోటు పూడ్చడానికి 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఆ సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచే అమలైనట్టు లెక్క అని కూడా చెప్పింది. దాని మీద ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. చివరికి 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు, సవరణ సరైనదే, టీచర్లకి గ్రాట్యుటీ వడ్డీతో సహా ఇవ్వాల్సిందే అని తేల్చేసింది.

కాబట్టి "టీచర్లకి లేదు" అన్న మాట ఒకప్పుడు నిజం. ఇప్పుడు కాదు.

ముందు లెక్క, తర్వాత నిర్ణయం

సంతకం పెట్టాలా వద్దా అన్నది మనసుతో తేల్చుకునే ముందు పెన్నూ కాగితం తీసుకోండి. చీరె కొనేముందు ధర చూస్తాం కదా, ఇదీ అంతే!

ఆఖరున తీసుకున్న నెల జీతాన్ని 26తో భాగించండి. వచ్చినదాన్ని 15తో గుణించండి. దాన్ని పనిచేసిన ఏళ్లతో గుణించండి. అంతే, ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. చివర్లో 6 నెలలు దాటిన ముక్క ఉంటే దాన్నీ పూర్తి ఏడాదిగా లెక్క వేస్తారు.

ఉదాహరణకి ఒకావిడ 12 ఏళ్ల 7 నెలలు పనిచేశారు, ఆఖరి జీతం 13,000 రూపాయలు అనుకుందాం. 26తో భాగిస్తే 500. 15తో గుణిస్తే 7,500. ఏళ్లు 13గా లెక్క. మొత్తం 97,500 రూపాయలు! ఇంకొకావిడ 9 ఏళ్ల 4 నెలలు చేశారు, ఆఖరి జీతం 10,400. ఆ 4 నెలలూ లెక్కలోకి రావు కాబట్టి 9 ఏళ్లే. ఆవిడకి 54,000 రూపాయలు. ఆలస్యమైనందుకు వడ్డీ దీనికి అదనం.

పాత చట్టంలో జీతమంటే మూల వేతనం, కరువు భత్యం మాత్రమే. ఇంటద్దె, ఇతర అలవెన్సులు కలవవు. కొత్త కోడ్‌లో అలవెన్సులు మొత్తంలో సగానికి మించితే, మించిన భాగాన్ని జీతంలో కలిపి చూస్తారు. చాలా స్కూళ్లు ఏదీ విడగొట్టకుండా ఒకే మొత్తంగా జీతం ఇస్తుంటాయి. అలాంటప్పుడు ఏ అంకె తీసుకోవాలన్నది వాదనలో తేల్చుకోవలసిన విషయం. మీరు మాత్రం పూర్తి అంకె రాసిపెట్టుకోండి.

"మాకు ఏప్రిల్ నెలాఖరుకి లెక్క కట్టేసి, జూన్‌లో మళ్లీ చేర్చుకునేవారు. మరి విడవకుండా పనిచేసినట్టేనా?" అన్న అనుమానం వస్తుంది. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిండినట్టే అంటుంది పాత చట్టం. వారానికి ఆరురోజుల కన్నా తక్కువ నడిచే సంస్థల్లో అయితే 190 రోజులు చాలు. సెలవులు, మన తప్పు లేకుండా పని ఆగిన రోజులు సర్వీసుని తెంచవు. చట్టప్రకారం తీసుకున్న ప్రసూతి సెలవు కూడా లెక్కలోకే వస్తుంది. నాలుగేళ్లు నిండి ఐదో ఏట 240 రోజులు చేసినవారికీ హక్కుందని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది. అలాంటివారు 'నాకు లేదులే' అని వదిలేయకుండా తెలిసినవారిని అడగడం మంచిది.

'క్లాస్ యాక్షన్' అంటే?

మన పిల్లలు అమెరికాలో ఉంటున్నారు కాబట్టి ఈ మాట వినే ఉంటారు. ఒకే రకమైన అన్యాయం చాలామందికి జరిగితే, ఒకరిద్దరు ముందు నిలబడి అందరి తరఫునా వేసే కేసు అది. అక్కడ కొన్ని రకాల కేసుల్లో, నేను రానని రాసి ఇవ్వకపోతే మీరూ చేరినట్టే లెక్క. జీతాల బకాయిల కేసుల్లో చాలావాటికి మాత్రం చేరతానని కాగితం మీద రాసి ఇవ్వాలి.

అక్కడి ఆడవాళ్లకీ ఈ నిర్ణయం తేలిక కాలేదు. మిన్నెసోటా రాష్ట్రంలో ఎవ్‌లెత్ ఇనుపగనిలో 1975లో పనిలో చేరిన లోయిస్ జెన్సన్, తోటి మగవాళ్ల వేధింపులు భరించలేక 1988లో కోర్టుకెళ్లింది. 1991లో దాన్ని అందరి తరఫు కేసుగా కోర్టు ఒప్పుకుంది. లైంగిక వేధింపుల మీద అమెరికాలో అలా నడిచిన మొదటి కేసు అదే. అయినా గనిలో పనిచేసే ఆడవాళ్లందరూ ఆమె వెంట రాలేదు. కేసు వద్దంటూ సంతకాలు చేసినవాళ్లూ ఉన్నారు! కంపెనీ తరఫు లాయర్లు చేరినవాళ్ల ఆస్పత్రి కాగితాలు, సొంత జీవితాలు తవ్విపోశారు. 1998 చివర్లో 15 మందికి కలిపి 35 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. అంటే పదేళ్లు!

ఇంకో కేసు వాల్‌మార్ట్ దుకాణాలది. జీతాల్లో, ప్రమోషన్లలో ఆడవాళ్లకి అన్యాయం జరుగుతోందని బెట్టీ డ్యూక్స్ పేరుతో 2001లో మొదలైంది. దాదాపు 15 లక్షలమంది స్త్రీల తరఫున సాగింది. కానీ 2011లో అక్కడి సుప్రీంకోర్టు, ఇన్ని వేల దుకాణాల్లో రకరకాల మేనేజర్లు తీసుకున్న నిర్ణయాలని ఒకే కేసుగా చూడలేమని కొట్టేసింది. జనం ఎక్కువైనంత మాత్రాన కేసు గట్టిపడదు, ఎవరి ఆధారం వాళ్లకి ఉండాలని ఆ కేసు చెబుతోంది.

మరి మనకి? కంపెనీల చట్టంలో వాటాదారులకి, డిపాజిటర్లకి అలాంటి ఏర్పాటు ఉంది కానీ, గ్రాట్యుటీకి ఆ పద్ధతి లేదు. ఇక్కడ ఎవరి సర్వీసు వాళ్లది, ఎవరి జీతం వాళ్లది. పదిమందీ కలిసి వెళ్లినా ఎవరి దరఖాస్తు వాళ్లదే, ఎవరి అంకె వాళ్లదే. ఇది బాగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే "వాళ్లకి వస్తే మనకీ వస్తుందిలే" అని ఇంట్లో కూర్చుంటే, వాళ్లకి వస్తుంది, మనకి రాదు! నిజానికి మనం అడిగినా అడక్కపోయినా లెక్కకట్టి ఇవ్వవలసిన బాధ్యత యజమానిదేనని చట్టం అంటుంది. కానీ అడగందే అమ్మయినా పెట్టదు కదా!

ఒక్క ఊరట ఉంది. ఎవ్‌లెత్ ఆడవాళ్లలా మన ఇంటి సంగతులు బయటపెట్టుకోవలసిన పని ఇందులో లేదు. ఎన్నేళ్లు చేశారు, ఎంత జీతం తీసుకున్నారు... ఆ రెండే ప్రశ్నలు.

ఇంట్లో వచ్చే మాటలు

"కోర్టు గడప తొక్కడం మన ఇంటా వంటా లేదు." ఈ మాట అత్తగారే అనక్కర్లేదు, మన మనసే అంటుంది. కానీ ఇది బోనెక్కే క్రిమినల్ కేసు కాదు. ముందు స్కూలుకే ఒక దరఖాస్తు ఇస్తాం. వాళ్లు 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే, కాదంటే, కార్మిక శాఖలో దీనికోసం నియమించిన అధికారి దగ్గరికి వెళ్తాం. ఆయన ఇద్దరి మాటా విని, కాగితాలు చూసి తేలుస్తాడు.

"ఉప్పు తిన్న ఇంటికి ద్రోహమా?" నిజమే, కష్టకాలంలో ఉద్యోగమిచ్చారు. కానీ మన గొంతు అరిగిన పాఠాలతోనే ఆ స్కూలుకి పేరొచ్చింది కదా. ఉప్పు ఇద్దరూ తిన్నారు! రావలసింది మర్యాదగా అడగడం ద్రోహం కాదు. పాలవాడు నెలాఖరుకి లెక్క అడిగితే ద్రోహమంటామా?

"వాళ్లు పెద్దవాళ్లు, మనకెందుకు?" ఈ మాటని మాత్రం కొట్టిపారేయకండి. మీ అబ్బాయి ఇంకా అదే స్కూల్లో ఫీజు రాయితీతో చదువుతున్నాడా? మీ చెల్లెలో, ఆడపడుచో అక్కడ పనిచేస్తున్నారా? మీ డిగ్రీ, బి.ఇడి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయా? మీరు మళ్లీ ఆ ఊళ్లోనే ఇంకో స్కూల్లో చేరాలనుకుంటున్నారా? ఇవి నిజమైన చిక్కులు. సర్టిఫికెట్లు, సర్వీసు సర్టిఫికెట్టు ముందు చేతిలో పడేలా చూసుకోండి. మిగతావి ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడుకోండి.

"మానేసినప్పుడే అంతా ముట్టిందని సంతకం పెట్టేశానే!" చాలామంది ఇక్కడే ఆగిపోతారు. చట్టానికి విరుద్ధంగా రాయించుకున్న ఒప్పందం కన్నా చట్టమే పైమాట అని 1972 చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ వోచరు మీద నిజంగా గ్రాట్యుటీ కింద ఏదైనా ఇచ్చి ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. ఏమీ ఇవ్వకుండా 'అంతా ముట్టింది' అని రాయించుకున్నంత మాత్రాన హక్కు పోదు.

"మానేసి మూడేళ్లయింది, ఇప్పుడేం వస్తుంది?" దరఖాస్తుకి గడువులున్న మాట నిజమే. కానీ యజమానికి ఆలస్యంగా అర్జీ పెట్టుకున్నారన్న ఒక్క కారణంతో హక్కు చెల్లకుండా పోదని పాత చట్టం కింది నిబంధనల్లోనే ఉంది. అధికారి దగ్గరికి ఆలస్యంగా వెళ్తే మాత్రం, ఎందుకు ఆలస్యమైందో సరైన కారణం చూపాలి. దాన్ని ఒప్పుకోవడం ఆయన చేతిలో ఉంటుంది. కాబట్టి ఇప్పటికే ఆలస్యమైతే ఇంకా ఆలస్యం చేయకండి.

కలిసి వెళ్తే లాభమేమిటి?

ఎవరి దరఖాస్తు వాళ్లదే అయినప్పుడు కలిసి వెళ్లడం దేనికి? దానికి కారణాలున్నాయి.

మొదటిది సాక్ష్యం. చాలా చిన్న స్కూళ్లు అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇవ్వవు. జీతం కవరులో పెట్టి ఇస్తాయి. "ఈవిడ మా దగ్గర మూడేళ్లే చేసింది" అంటే ఏంచేస్తారు? అదే సమయంలో పక్క క్లాసు చెప్పిన టీచరు "కాదండీ, మేమిద్దరం పదేళ్లు కలిసి చేశాం" అని చెబితే ఆ మాటకి బరువుంటుంది. ఒకరి దగ్గర వార్షికోత్సవం ఫోటోలుంటాయి, ఒకరి దగ్గర పరీక్షల డ్యూటీ చార్టు, ఒకరి దగ్గర బ్యాంకు పాస్‌బుక్కు. అన్నీ కలిపితే పూర్తి బొమ్మ వస్తుంది.

రెండోది ధైర్యం. ఒక్కరే అడిగితే "ఆవిడకి మొదటినుంచీ గొడవే" అంటారు. ఎనిమిదిమంది అడిగితే అలా అనలేరు. మూడోది ఖర్చు. లాయరు ఫీజు, ఆటో ఖర్చు, జిరాక్సులు పంచుకోవచ్చు. వాయిదాకి ఒకరు తోడుంటే ఇంకొకరికి పిల్లల్ని చూసుకునే వీలుంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. నలుగురు ఆడవాళ్లు కలిస్తే అని ఎవరో ఏదో అంటే మనకి కోపం వస్తుంది కానీ, నలుగురు ఎవరు కలిసినా డబ్బు దగ్గర మాట తేడా రావడం సహజం. వాట్సాప్ గ్రూపులో రాసిన ఒక కోపం మాట సాయంత్రానికి కరస్పాండెంటు టేబుల్ మీద ఉంటుంది. ఒకరు లోపాయికారీగా రాజీ పడిపోతారు. ఇంకొకరు వసూలు చేసిన డబ్బుకి లెక్క చెప్పరు. ఇవన్నీ ముందే అనుకుని, పద్ధతి పెట్టుకుంటే సగం గొడవలు రావు.

సంతకానికి ముందు ఇవి చూసుకోండి

* మీ దగ్గరున్న ఆధారాలన్నీ ఒక కవరులో పెట్టండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, ఆఖరి జీతం తెలిపే ఏ కాగితమైనా సరే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.

* ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టకండి. ఎంత దగ్గరి స్నేహితురాలు అడిగినా సరే.

* దరఖాస్తులో మీ పేరు పక్కన మీ తేదీలు, మీ అంకె సరిగ్గా ఉన్నాయో లేదో మీరే చదవండి. మీదగ్గరా ఒక కాపీ ఉంచుకోండి.

* లాయరుని పెట్టుకుంటే ఫీజెంత, ఎప్పుడివ్వాలి, వచ్చినదాంట్లో వాటా అడుగుతున్నారా అన్నది ముందే తేల్చుకోండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా కోర్టులో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు. 15100 నంబరుకి ఫోన్ చేసినా చెబుతారు. ఈ సంగతి తెలియక గాజులు తాకట్టు పెట్టినవాళ్లున్నారు!

* ప్రావిడెంట్ ఫండ్ గొడవ కూడా ఉంటే దాన్ని విడిగా చూడండి. ఇరవైమంది, ఆ పైన పనిచేసే చోట్ల అది వర్తిస్తుంది. అది కార్మిక శాఖ దగ్గర తేలేది కాదు, ఆ ఆఫీసు వేరు. జీతంలో కోసిన డబ్బు మీ ఖాతాలో పడిందా లేదా అని పాస్‌బుక్కు తీయించి చూసుకోండి.

* ఎంత కాలం పడుతుందో ఎవరూ మాట ఇవ్వలేరు. స్కూలువారు ఒక్క ఉత్తరంతోనే ఇచ్చేయవచ్చు. లేదా పైకి అప్పీలుకి వెళ్లవచ్చు. పాత చట్టంలో యజమాని అప్పీలుకి వెళ్లాలంటే ముందు ఆ సొమ్ము డిపాజిట్ చేయాలి. ఆదేశం వచ్చాక కూడా ఇవ్వకపోతే, కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేసే వీలుంది. అందుచేత గెలిచిన కాగితం చెల్లని కాగితం కాదు.

మధ్యలో రాజీకి పిలిస్తే

దరఖాస్తు అందగానే చాలాచోట్ల ఫోన్ వస్తుంది. "మనం మనం మాట్లాడుకుందాం మేడం, ఆఫీసులదాకా ఎందుకు?" అంటారు. రాజీ తప్పేమీ కాదు. లక్ష రావలసిన చోట డెబ్బై వేలు రేపే చేతికొస్తే, ఆ డబ్బుతో అవసరం ఉన్న ఇల్లాలు తీసుకోవచ్చు. ఆవిడని ఎవరూ తప్పుపట్టకూడదు. అయితే రెండు జాగ్రత్తలు. అందరికీ కలిపి ఒక మొత్తం చెబితే ఒప్పుకోకండి, ఎవరి అంకె వాళ్లకి విడిగా రాయించండి. డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడేదాకా 'ముట్టింది' అని సంతకం పెట్టకండి. ఇంకో మాట, మీరు రాజీ పడుతున్నట్టు మిగతావాళ్లకి ముందే చెప్పండి. వాళ్లకి మూడోమనిషి ద్వారా తెలిస్తే డబ్బుకన్నా స్నేహం ఎక్కువ నష్టపోతుంది.

వద్దనుకుంటే?

అన్నీ చూసుకున్నాక "నాకు వద్దు" అనిపించవచ్చు. వచ్చేది తక్కువని కావచ్చు, ఇంట్లో ఆరోగ్యాలు బాగాలేక కావచ్చు, చెల్లెలి ఉద్యోగం కోసం కావచ్చు. అది పిరికితనం కాదు. లెక్క తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. మొదటిది మీ నిర్ణయం, రెండోది మీకు జరిగిన నష్టం.

వద్దనుకుంటే ఆ మాట సూటిగా చెప్పండి. 'చూద్దాంలే, రేపు చెప్తా' అని నెలలు సాగదీస్తే మిగతావాళ్లు మీకోసం ఆగిపోతారు. వాళ్ల ఆలోచనలు స్కూలుకి చేరవేయకండి. మీ పాత ఫోటోలు, రిజిస్టరు కాపీలు వాళ్లకి పనికొస్తాయంటే ఇవ్వండి. "అవును, ఈవిడ నాతో పనిచేసింది" అని ఒక్క మాట సాక్ష్యం చెప్పగలిగితే, సంతకం పెట్టకపోయినా తోడున్నట్టే.

చేరాలనుకుంటే మాత్రం ఇంట్లో దాచకండి. ఆయనతో కూర్చుని, ఇంత సర్వీసు, ఇంత జీతం, ఇంత రావాలి, ఇంత ఖర్చు అని కాగితం మీద చూపించండి. "కేసు వేస్తానండీ" అంటే కంగారుపడే మనిషి, "తొంభై ఏడు వేలు రావాలండీ, అడుగుతాను" అంటే ఆలోచిస్తాడు.

పదేళ్లపాటు పొద్దున్నే వంట చేసి, బాక్సులు కట్టి, బస్సు పట్టుకుని పరుగెత్తి, నిలబడి పాఠం చెప్పి, ఇంటికొచ్చి మళ్లీ నోట్సులు దిద్దిన కష్టం అది. దానికి చట్టం ఒక అంకె పెట్టింది. అడుగుతారో వదిలేస్తారో మీ ఇష్టం, కానీ ఆ అంకె ఎంతో తెలియకుండా వదిలేయకండి. ఇవాళే ఇంటి పద్దుల పుస్తకంలో ఒక పేజీ తీసి నాలుగు లైన్లు రాయండి: చేరిన తేదీ, మానేసిన తేదీ, ఆఖరి జీతం, రావలసిన మొత్తం. నిర్ణయం ఆ పేజీ చూశాకే!